ఖాళీ హోటళ్ల దండాసి

మా తాత దండాసికి జనం ఉన్న హోటల్లో అన్నం గొంతు దిగదు. ఇది రోగమేమో అని ఒకసారి డాక్టరుకి కూడా చూపించాం. ఆయన నవ్వి పంపేశాడు. వీధిలో నాలుగు హోటళ్లున్నాయనుకోండి. మూడింట్లో కూర్చోడానికి చోటు లేదు, నాలుగో దాంట్లో యజమాని ఈగలు తోలుకుంటున్నాడు. మా తాత చెప్పులు తిన్నగా ఆ నాలుగో దానివైపే నడుస్తాయి.

పోనీ వెళ్లి లోపల ఫ్యాను కింద కూర్చుంటాడా అంటే అదీ లేదు. వీధి వైపు మొదటి బల్ల కావాలి. రోడ్డుకి ఎదురుగా కూర్చోవాలి. తిన్నంతసేపూ నాలుక చప్పరిస్తూ "ఆహా", "అబ్బబ్బ" అనాలి. పళ్లెంలో ఉన్నది ఏదైనా సరే.

"తాతా, పక్క హోటల్లో జనం ఉన్నారంటే అక్కడ బాగుంటాదనే కదా?" అని అడిగేదాన్ని.

"జనం ఉన్నకాడ ఆలీసం గుంటా. ఇక్కడ సూడు, కూకోగానే ఒచ్చీసింది."

"వచ్చింది నిన్నటి కూర."

"అయితే ఏటి? ఊరిన కూరకే రుచి."

మా ఊరు బర్మాలోని యాంగోన్. తాత మాత్రం ఇప్పటికీ రంగం అనే అంటాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడు. మేముండేది పజుండౌంగ్‌లో. మా సందు చివర ఒక మొహింగా కొట్టుంది. పొద్దున్నే చేపల పులుసులో సేమ్యాలు వేసుకు తినడానికి సగం పేట అక్కడే ఉంటుంది. ఆ కొట్టు ముందునుంచి నేను ఇరవై నాలుగేళ్లుగా నడుస్తున్నాను. తాతతో కలిసి ఒక్కరోజు కూడా లోపలికి వెళ్లలేదు.

మా దుర్గ పిన్ని పెళ్లిచూపులకి పద్నాలుగు మందిమి పడవెక్కి నది దాటి దలా వెళ్లాం. రేవు దిగగానే తాతకి ఒక ఖాళీ టీ కొట్టు కనిపించింది. పద్నాలుగు మందినీ కూర్చోబెట్టాడు. ఆ కొట్టువాడి దగ్గర ఉన్నవి ఆరు కప్పులు. ముందు ఆరుగురు తాగి, కప్పులు కడిగి, తర్వాత ఆరుగురు తాగి, ఆఖరి ఇద్దరి వంతు వచ్చేసరికి పాలు మాడిపోయాయి. మేం చేరేసరికి పెళ్లికొడుకు భోంచేసి పడుకున్నాడు. "సల్లగా నిద్రోతున్నాడు, మంచి గుణం" అని తాత ఆ సంబంధం అక్కడికక్కడే ఖాయం చేసేశాడు.

ఇలాంటి మనిషితో నేను కరేబియన్ సముద్రం దాకా వెళ్లాల్సి వచ్చింది.

తాత బొటాటౌంగ్ రేవులో యాభై ఏళ్లు ఇనప తాళ్లు అల్లాడు. ఓడ మీద బరువులెత్తే పొడవాటి దూలాన్ని డెరిక్ అంటారు. దాన్ని పట్టుకునేది ఇనప తీగల వైరు. ఆ వైరు కొసని వెనక్కి మడిచి, పురులు విప్పి, మళ్లీ దాంట్లోనే అల్లేసి, కొక్కెం తగిలించే కన్ను తయారు చెయ్యాలి. ఇప్పుడు ఆ పని మిషన్లు చేస్తున్నాయి. మూరెడు దబ్బనం పట్టుకుని చేత్తో చేసేవాళ్లు మా రేవులో ఇద్దరు మిగిలారు. రెండో ఆయనకి కళ్లు కనపడవు.

మొన్న వానాకాలంలో కో జో అనే ఓడ ఆఫీసరు ఫోన్ చేశాడు. బర్మా అబ్బాయే. కుర్రతనంలో తాత దగ్గర ముళ్లు వెయ్యడం నేర్చుకున్నాడు. వాళ్ల పాత ఓడ ఇల్లు కప్పే రేకులు వేసుకుని ఒక దీవికి వెళ్లింది. అక్కడ డెరిక్ వైర్లు కొసల దగ్గర చివికిపోయాయి. కొత్త వైరు చుట్టలు ఓడలోనే ఉన్నాయి కానీ కన్ను అల్లే మనిషి ఆ దీవిలో లేడు. మిషను రావాలంటే నెల.

"ఊ దండాసీ, మీరొస్తే ఐదు రోజుల పని. కంపెనీ టిక్కెట్టు పంపుతుంది" అన్నాడు. బర్మాలో పెద్దవాళ్లని పేరు ముందు ఊ చేర్చి పిలుస్తారు.

డెబ్బై మూడేళ్ల మనిషికి తోడుగా ఒకరు రావచ్చన్నారు. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినదాన్నే గానీ, ఫోన్లో వీడియోలు చూసి ఇంగ్లీషు నేర్చింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. అలా నాకు అదృష్టం పట్టింది.

మూడు విమానాలు మారాం. మధ్యలో ఒక విమానాశ్రయంలో తినుబండారాల కొట్లు నలభై ఉన్నాయి. తాత నలభై కొట్లూ తిరిగి, మనిషి లేనిది వెతికి పట్టుకున్నాడు. అక్కడ బీట్‌రూట్ రసం, చల్లటి గంజి లాంటిది ఒకటి ఇచ్చారు. రోడ్డు లేదు కాబట్టి సామాన్ల బళ్లు వెళ్లే దారికి ఎదురుగా కూర్చుని "ఆహా" అన్నాడు.

దీవి పేరు నాకు పలకడం వచ్చు, రాయడం రాదు. చిన్నది. రేవు దగ్గర కంపెనీ ఏజెంటు డెస్మండ్ మమ్మల్ని కలిశాడు. అంత ఎండలోనూ టై కట్టుకున్న మనిషి. మొదటి మాటతోనే నా మనసు దోచేశాడు.

"గేటు దాటగానే సముద్రంలోకి కట్టిన హోటలుంది. మోచేతంత లాబ్‌స్టర్ కాల్చి ఇస్తారు. చోటు కోసం ఊరంతా వరసలో నిలబడుతుంది."

నేను తాతకి తెలుగులో చెప్పాను. వరసలో నిలబడతారనే ముక్క మింగేశాను. కానీ ఆయనకి కళ్లున్నాయి కదా.

"అబ్బో, సంతలాగుంది. పద, అటేపు సూద్దుం."

అటువైపు, రేవు గోడ వెనక, పచ్చరంగు వేసిన ఒక రేకుల షెడ్డుంది. ఆరు బెంచీలు. ఆరూ ఖాళీ. గరిట పట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ మమ్మల్ని చూసి, దారి తప్పి వచ్చారనుకుని గేటు ఎటో చెయ్యి చూపించింది. ఆవిడ పేరు వెర్లీన్. తాత రోడ్డు వైపు బెంచీ మీద కూర్చున్నాకగానీ ఆవిడకి నమ్మకం కుదరలేదు.

"తినడానికేనా?" అంది.

ఉప్పుచేప, ఉడికించిన అరటికాయ పెట్టింది. అరటికాయ ఎప్పుడు ఉడికించిందో గానీ పళ్లెం మీద కొడితే మోగింది. తాత "ఆహా" అన్నాడు. రోడ్డు మీద ఒక మేక తప్ప ఎవరూ లేరు. మేక ఆగి చూసింది.

వెర్లీన్ మా ఎదురుగా కూర్చుని తన సంగతి చెప్పింది. రేవు గేటు ఒకప్పుడు ఆవిడ షెడ్డు ఎదురుగానే ఉండేదట. ఏడాది కిందట దాన్ని అటు చివరికి మార్చారు. గేటుతో పాటు జనమూ అటు వెళ్లిపోయారు. ఇరవై ఆరేళ్లుగా వండుతున్న చోటు. ఈ శనివారం మధ్యాహ్నం రేవు కమిటీ ఆయన చూడ్డానికి వస్తున్నాడు. బెంచీలు ఇలాగే ఖాళీగా కనపడితే షెడ్డు తీయించి ఫోన్ల రీచార్జి కొట్టు పెట్టిస్తారట.

నేను ఇదంతా తాతకి తెలుగులో చెప్పాను. ఆయన అరటికాయ నములుతూ విన్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది.

"శనివారం దాకా ఉంటాది కదా?"

"ఉంటుంది."

"మన పనీ శనివారానికే అయిపోద్ది. సరిపోద్ది."

నాకు సిగ్గేసింది. ఆవిడ కొంప మునుగుతుంటే ఈయన తన మధ్యాహ్నం భోజనం లెక్క చూసుకుంటున్నాడు. తాత ఏమన్నాడని ఆవిడ అడిగితే, చాలా బాధపడుతున్నాడని చెప్పాను.

మంగళవారం నుంచి పని మొదలైంది. ఓడ మీద ఎండలో గోనెసంచి పరుచుకుని, లుంగీ ఎగ్గట్టి, దబ్బనంతో పురులు విప్పుతూ కూర్చునేవాడు. నేను గ్రీజు డబ్బా అందిస్తూ, ఆయన తిట్లని ఇంగ్లీషులో మర్యాదగా మారుస్తూ ఉండేదాన్ని. పన్నెండు కొట్టగానే దబ్బనం కింద పెట్టి వెర్లీన్ దగ్గరికి బయల్దేరేవాడు.

రెండో రోజు ఆవిడ మాకోసం పొద్దున్నే సీమపనసకాయ నిప్పుల మీద కాల్చింది. పైన నల్లగా బొగ్గులా ఉంది, పగలగొడితే లోపల పొగలు కక్కుతూ వెన్నలాంటి గుజ్జు. పక్కన కొబ్బరిపాలు పోసి వండిన చేపల కూర. నేను నిజంగానే "ఆహా" అన్నాను. తాత నన్ను అనుమానంగా చూశాడు.

"నిన్న ఇలా లేదేంటి?" అని అడిగాను.

"నిన్న ఎవరొస్తారని వండాలి?" అంది వెర్లీన్.

అప్పుడు ఒక సీసా తెచ్చి బల్లమీద పెట్టింది. పసుప్పచ్చగా, బుడ్డగా ఉండే అక్కడి మిరపకాయల పచ్చడి. కొంచెమే వేసుకోమంది. నేను తాతకి చెప్పాను.

"మనకా సెప్పేది? శ్రీకాకుళం మిరగాయి తిన్న వంశం" అని రెండు చెంచాలు వేసుకున్నాడు.

కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. ముక్కు, చెవులు ఎర్రబడ్డాయి. అయినా రోడ్డు వైపే తిరిగి "ఆ... ఆహా... అబ్బబ్బ" అంటున్నాడు. సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన ఆగి, "పెద్దాయన ఎందుకు ఏడుస్తున్నాడు?" అని అడిగాడు. "పచ్చడి బాగుందని" అన్నాను. ఆయన సైకిల్ గోడకి ఆనించి లోపలికొచ్చాడు. ఆ వారంలో వెర్లీన్‌కి మూడో గిరాకీ ఆయన.

మూడో రోజు కో జో వచ్చాడు. ముసలాయన పన్నెండింటికి వెళ్తే రెండింటికి గానీ రావడం లేదని తీసుకుపోవడానికి వచ్చి, మేక మాంసం కూర తిని, తనే మూడింటి దాకా కూర్చున్నాడు. నాలుగో రోజు ఏడుగురయ్యాం. ఆరు బెంచీల మీద ఏడుగురంటే ఎలా ఉంటుందో తెలుసు కదా. రద్దీ తగ్గాక మిగిలిపోయిన బస్సులాగుంది.

శుక్రవారం సాయంత్రానికి ఆఖరి కన్ను అల్లడం అయిపోయింది. డెస్మండ్ వచ్చి, శనివారం పొద్దున్న మొదటి బరువు ఎత్తుతారనీ, కంపెనీ పెద్దాయన హాలండ్ గారు స్వయంగా వస్తున్నారనీ, ఓడవాళ్లూ రేవు కూలీలూ కలిపి నలభై మందికి ఆ సముద్రం హోటల్లో విందు ఇస్తున్నారనీ చెప్పాడు.

నాకు వెర్లీన్ గుర్తొచ్చింది. లాబ్‌స్టర్ కూడా గుర్తొచ్చింది. లాబ్‌స్టరే ముందు గుర్తొచ్చిందని ఒప్పుకుంటున్నాను. తెలుగులో చెబితే తాత సరేనని తలాడించాడు. నాకు ఆశ్చర్యమేసింది. దబ్బనం గుడ్డలో చుట్టి, వెర్లీన్‌కి చెప్పేసి వస్తానని ఒక్కడే వెళ్లాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. దూరంనుంచి చూస్తే పది వేళ్లూ చాపి చూపిస్తున్నాడు. మళ్లీ పది, మళ్లీ పది, మళ్లీ పది. ఎన్ని కళ్లు అల్లాడో గొప్పలు చెప్పుకుంటున్నాడు కాబోలనుకున్నాను.

శనివారం పదకొండింటికి డెరిక్ మొదటి రేకుల కట్టని ఎత్తింది. వైరు బిగిసింది, మూలిగింది, నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. హాలండ్ గారు తాత చెయ్యి పట్టుకుని ఊపి, "పదండి భోజనానికి" అన్నారు. ఆయన నిలబడింది సరిగ్గా కొక్కెం కింద.

తాత కదల్లేదు.

"గుంటా, ఈ బాబుకి సెప్పు. మా బొటాటౌంగ్ రేవులో ఒక ఆచారముంది. కొత్తగా అల్లిన వైరు మొదటిసారి బరువెత్తిన నాడు, ఆ కొక్కెం కింద నిలబడ్డోలందరూ కొక్కెం కనపడే సోటే కూకుని తినాల. కంటికి కనపడకుండా తింటే అల్లిక ఇడిపోద్ది."

నేను రేవు పక్కనే పుట్టి పెరిగినదాన్ని. అలాంటి ఆచారం నా చెవిన ఎప్పుడూ పడలేదు. కానీ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. హాలండ్ గారు నవ్వారు.

తాత చేతులు కట్టుకున్నాడు. "సరే. మరి నాను బాద్దుణ్ణి కాను" అని, అదే మాట బర్మా భాషలో ఓడవాళ్లకి చెప్పాడు. పంతొమ్మిది మంది ఓడవాళ్లూ ఒక్కసారి తలెత్తి కొక్కెం వైపు చూశారు. ఓడ మీద బతికేవాళ్లు ఇలాంటి మాటల్ని నవ్వి వదిలెయ్యరు. కో జో మొహం పాలిపోయింది.

"అవునండీ, నేను కూడా విన్నాను" అన్నాడు. విననే లేదు. ఆచారం పుట్టి అప్పటికి రెండు నిమిషాలయింది.

హాలండ్ గారు కూడా తలెత్తి చూశారు. రెండడుగులు పక్కకి జరిగారు.

"కొక్కెం కనపడే చోటు ఇక్కడ ఏదైనా ఉందా?" అని డెస్మండ్‌ని అడిగారు.

ఒకటే ఉంది. దానికి పచ్చరంగు వేసి ఉంది.

"మరి ఆ హోటలువాళ్ల మాట?" అన్నాడు డెస్మండ్. నేను తాతకి చెప్పాను.

"ఆల్లకేటి? గుమ్మంలో ఇంకో నలభై మంది నిలబడి ఉంటారు" అన్నాడు తాత.

గోడ తిరిగి చూస్తే వెర్లీన్ షెడ్డులో నాలుగు పెద్ద గిన్నెలు పొయ్యి మీదున్నాయి. సీమపనసకాయలు కుప్ప పోసి కాలుస్తోంది. ఆవిడ చెల్లెలు, చెల్లెలి అత్తగారు గరిటెలతో నిలబడ్డారు.

"ఎలా తెలుసు నీకు?" అన్నాను.

"నిన్న మీ తాత పది వేళ్లు నాలుగుసార్లు చూపించాడు కదా!"

"ఎవరూ రాకపోతే?"

"ఎలాగూ ఇదే ఆఖరి రోజు. ఇరుగుపొరుగుని పిలిచి పెట్టేద్దామనుకున్నాను" అంది. ఆ మాట అంటూనే పళ్లేలు లెక్కపెడుతోంది.

నలభై మంది ఆరు బెంచీల మీద ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టు కూర్చున్నారు. హాలండ్ గారికి తిరగేసిన బకెట్టు దొరికింది. కాల్చిన సీమపనస, మేక మాంసం కూర, కొబ్బరిపాల అన్నం, ఉప్పుచేప వేపుడు. తినేవాళ్లు మధ్య మధ్య తలెత్తి కొక్కెం చూసుకుంటున్నారు, మళ్లీ తింటున్నారు. కమిటీ ఆయన ఒంటిగంటకి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. కూర్చోడానికి చోటు లేక గుమ్మంలో నిలబడ్డాడు. వెర్లీన్ ఆయన చేతిలో ఒక పళ్లెం పెట్టింది. పళ్లెం పట్టుకున్న చేత్తో పుస్తకం విప్పడం కుదరక, ముందు తినేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు రాసుకున్నాడు. ఇంకో ఏడాది ఉండమన్నాడు.

ఇంత జనంలో మా తాతకి గొంతు దిగలేదు. పళ్లెం పట్టుకుని బయటికెళ్లి మేక పక్కన నిలబడి తిన్నాడు. లాబ్‌స్టర్ ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చాక సన్యాసమ్మ నానమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ చేపలు కడుగుతూ వింది.

"నానమ్మా, కొక్కెం చూస్తూ తినే ఆచారం మన రేవులో నిజంగా ఉందా?"

"ఏటి ఆచారమే! మీ తాత పుట్టించినయ్యి ఇంకా సాలా ఉన్నాయి" అని కాసేపు నవ్వింది. "నాకు పద్దెనిమిదేళ్లప్పుడు మా అమ్మా నానూ కాలవ ఒడ్డున ఇడ్లీ కొట్టు ఎట్టినాం. పదకొండు దినాలు ఒక్క మనిషీ రాలేదు. పన్నెండో దినం ఈ మనిషొచ్చి రోడ్డేపు కూకుని ఆహా అన్నాడు. నాకు వంట రాదు, ఇడ్లీ రాయిలా ఉంది. అయినా రోజూ ఒచ్చేవోడు. ఆయన్ని సూసి ఇంకోడు, ఇంకోణ్ణి సూసి ఇంకోడు. నెల తిరిగేసరికి కొట్టు నిండిపోనాది."

"నీకోసం వచ్చేవాడన్నమాట!"

"నానూ అదే అనుకున్నాను. నెల్లాళ్లు జడలో పూలెట్టుకున్నాను. తీరా కొట్టు నిండాక మనిషి మాయం. ఏటా అని ఎనకాలెళ్లి సూస్తే, పై ఈదిలో ఒక ముసిలోడి ఖాళీ కొట్లో కూకుని ఆహా అంటన్నాడు! అంతకుముందు ఇంకో మూడు కొట్లు నింపినాడట. ఒళ్లు మండిపోనాది."

"మరి పెళ్లెలా చేసుకున్నావు?"

"ఇలాంటోడు పస్తుండడు, ఎవర్నీ పస్తుండనివ్వడు అనిపించినాది" అంది. "అయితే ఒక్కటి. నా ఇడ్లీ రాయిలా ఉండేదని ఇన్నేళ్లలో ఒక్కసారన్నా ఒప్పుకోలేదు. అదే నాకు కోపం."

నేను తాత దగ్గరికి వెళ్లి, నాకంతా తెలిసిపోయిందన్నాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ నానమ్మ మాటలకేటి. ఖాళీ కొట్లో గాలాడతాది, అంతే."

తర్వాతి నెలలో వెర్లీన్ నా ఫోన్‌కి ఫోటో పంపింది. షెడ్డు నిండా రేవు కూలీలు. ఇప్పుడు ఏ ఓడ మొదటి బరువు ఎత్తినా అందరూ అక్కడే కూర్చుని కొక్కెం చూస్తూ తింటున్నారట. అది ఆ దీవి ఆచారమే అనుకుంటున్నారట. తాతకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒక్క సోటూ లేదే. మనం ఎల్తే ఎక్కడ కూకుంటాం?" అని ఫోన్ తిరిగిచ్చేశాడు.

పోయిన ఆదివారం తాత, నేను బజారు నుంచి వస్తున్నాం. మా సందు మలుపులో కొత్తగా బిర్యానీ కొట్టు పెట్టారు. కొత్తగా పెళ్లయిన జంట. ఆ అమ్మాయి తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తోంది. అబ్బాయి గిన్నె మూత తీసి చూసి, మూసి, మళ్లీ తీస్తున్నాడు. ఒక్క మనిషి లేడు.

తాత చెప్పులు అటు తిరిగాయి. కానీ ఈసారి నేను ముందు పరిగెత్తి, వీధి వైపు బల్ల దగ్గర రోడ్డుకి ఎదురుగా కూర్చున్నాను.

"లెగు, అది నా సోటు" అన్నాడు తాత.

"నువ్వు ఫ్యాను కింద కూర్చో తాతా. గాలాడతాది."

బిర్యానీ వచ్చింది. ఉప్పు కషాయం. నేను కళ్లు మూసుకుని మింగి, రోడ్డు మీద నడిచే ప్రతివాడికీ వినపడేలా, "సా కౌంగ్‌డే!" అని అరిచాను. భలే రుచిగా ఉందని బర్మా మాట.

సైకిల్ రిక్షా అతను ఒకడు బ్రేకు వేసి నా పళ్లెంలోకి తొంగి చూశాడు. లోపల ఫ్యాను కింద నుంచి తాత గొంతు వినిపించింది.

"నోటినిండా ఎట్టుకుని అరవకు గుంటా. ముందు మింగు, అప్పుడు అరువు. నీకింకా సేతగాదు."

రిక్షా అతను పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు.